మైసమ్మ గద్దె మీద ఐదో రాయి

దయ్యాల్ని నేను నమ్మను. ఈ మాట ముందు చెప్పి తర్వాత దయ్యం కథే చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను కాబట్టి, నన్నూ ఆ గాటన కట్టేస్తారని తెలుసు. నా వైపు నుంచి ఒకటే ఆధారం చూపించగలను. ఆ రోజు నాకు కాస్తయినా నమ్మకం ఉండి ఉంటే, గుప్పెడంత రాయిని ఒకదాన్ని చేత్తో తీసి పక్కన పడేసి వచ్చేవాణ్ణి. నమ్మలేదు కాబట్టే తీయలేదు.

నా పేరు తిరుపతి. జగిత్యాల బస్టాండుకు కాస్త అవతల నాకొక జిరాక్సు షాపు ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపుతాం. మా తాత, నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్ళు. నాకు ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయని తేలాక చదువులో వేశారు. రోజంతా మంది కాగితాలు చూసి చూసి, ఒక అక్షరం తేడా ఉన్నా కంటికి కొట్టొచ్చినట్టు కనపడటం అలవాటైపోయింది.

అప్పట్లో కోపం ముక్కు మీద ఉండేది. మా ఆవిడ అన్నానికి పిలిచినా సరే, ‘అస్తున్న తియ్’ అని విసుక్కుంటూ లేచేవాణ్ణి. తను ఆ మాటను అచ్చం నాలాగే సాగదీసి అని మా పాపను నవ్వించేది.

జరిగి నాలుగేళ్ళయింది. ఐదుగురం కోరుట్లలో ఇంటర్ కలిసి చదువుకున్నాం. మల్లేశం మస్కట్‌లో ఎలక్ట్రీషియను. శ్రీనుది సిరిసిల్ల, సాంచల మీద బట్ట నేసే పని. ఇంటర్ రెండేళ్ళూ కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉండి చదివాడు. లచ్చన్న పసుపు, మక్కలు పండించే రైతు. నర్సింలు మెట్‌పల్లిలో ఒక హార్డ్‌వేరు దుకాణంలో ఉండేవాడు. ఐదోవాణ్ణి నేను.

మల్లేశం సెలవు మీద వచ్చి రెండు నెలలవుతోంది. తిరిగి వెళ్ళే ముందు ఆఖరి ఆదివారం అడవిలో దావత్ చేసుకుందామన్నాడు. హోలీ అయిపోయి కొన్ని రోజులైంది. రుద్రంగి దాటాక గుట్టల్లోకి వెళ్ళే దారి వాడికి తెలుసు. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో అక్కడికి వెళ్ళాడట. పైన బండల మధ్య ఎండాకాలం కూడా ఎండని నీళ్ళ దోన ఒకటి ఉందని, అది మాకు చూపించాలని వాడి కోరిక.

శ్రీను ముందు రోజే కోరుట్ల చేరాడు. అక్కడి నుంచి రెండు బండ్ల మీద నలుగురు, జగిత్యాల నుంచి నా బండి మీద నేను ఒక్కణ్ణి. అడవి దారి మొదట్లో ఫారెస్టు గార్డు రేకుల గది ఉంది. లోపలికి పోయేవాళ్ళ పేర్లు రిజిస్టరులో రాయించుకుంటున్నాడు. రాసే పని ఎక్కడైనా నాకే అంటగడతారు. ఐదుగురి పేర్లూ రాసి, ఫోన్ నంబరు దగ్గర నాది వేశాను. బండ్లు లచ్చన్నకు తెలిసిన రైతు మోటరు షెడ్డు దగ్గర పెట్టాం. ఆ పక్క చేనులోనే పది మంది దాకా పసుపు ఉడకబెడుతున్నారు.

అక్కడి నుంచి మూడు వందల అడుగులు వేస్తే చెట్ల మొదట్లో అడవి మైసమ్మ. గుడేమీ లేదు. పసుపు పూసిన బండ, దాని ముందు నడుమెత్తు రాతి గద్దె, పక్కన ఎప్పటెప్పటివో చిన్న రాళ్ళ కుప్ప. కట్టెల కోసం వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు అక్కడ ఆగి ఉన్నారు. వాళ్ళలో భూమవ్వ అనే పెద్దామె మమ్మల్ని ఆపింది.

“అడివిలకు పోయేటోళ్ళు గద్దె మీద తలా ఒక రాయి పెట్టుండ్రి కొడుకా. మల్లచ్చినంక ఎవ్వని రాయి వాడే తీసి గా కుప్పల ఎయ్యాలె. ఒగని రాయి ఇంకొగడు ముట్టద్దు.”

వాళ్ళ ఊళ్ళో తునికాకుకు పోయేవాళ్ళంతా తరాలుగా పాటించే పద్ధతి అది. పొద్దుగూకేటప్పుడు ఆఖరున బయటికి వచ్చినవాళ్ళు గద్దె చూస్తారు. రాయి మిగిలి ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. అక్కడే నిలబడి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. పలుకు రాకపోతే ఊళ్ళోకి మనిషిని పంపి వెతికిస్తారు. ఇప్పుడు ఆలోచిస్తే మంచి హాజరు పట్టీ. ఆ పొద్దు మాత్రం నాకు నవ్వొచ్చింది.

శ్రీను జేబులో ఎప్పుడూ నీలం సుద్దముక్క ఉండేది. నేసిన బట్టలో ఎక్కడైనా పోగు తెగి మచ్చ పడితే గుర్తు పెట్టడానికి. వాడు సరదాగా మా రాళ్ళ మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాడు. నాది ఐదు. తుప్పు రంగు చార ఉన్న తెల్ల పలుగురాయి. నేను పెట్టనంటే అందరూ పట్టుబట్టారు. సరే అని ఎడమ చేత్తో పెట్టాను. మల్లేశం గద్దెను ఫొటో తీసి మా గ్రూపులో పెట్టాడు. పది గంటల ఇరవై నిమిషాలు. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది, ఐదు రాళ్ళూ లెక్కపెట్టుకోవచ్చు.

లోపలికి ముప్పావు గంట నడిచి ఒక వాగు పక్కన వండుకున్నాం. ఇప్పపూలు రాలి నేలంతా ఒకటే వాసన. మూడింటికి తినడం అయింది. మల్లేశం దోన దగ్గరికి పోదామని లేచాడు. ఇంకో గంట పైకి ఎక్కాలట. మరుసటి రోజు ఏదో దరఖాస్తుకు ఆఖరు తేదీ, షాపులో నా పని ఎక్కడిదక్కడే ఉంది. పొద్దుండగానే తిరిగి పోదామని ముందే మాట అనుకున్నాం గదా అన్నాను. మల్లేశం నవ్వి, “పోరా, నీ జిరాక్సు మిషను నీకోసం ఏడుస్తాంది” అన్నాడు. అందరూ నవ్వారు.

ఇంతే. ఇంతకంటే పెద్ద గొడవ జరగలేదు. పోలీసులు నన్ను పదిసార్లు అడిగారు, పదిసార్లూ ఇదే చెప్పాను. ఇంత చిన్న మాటకు మనిషి లేచి వచ్చేస్తాడా అన్నారు. అప్పటి నా సంగతి తెలిస్తే అడిగి ఉండరు.

నేను లేచి నడుస్తుంటే వెనక నుంచి శ్రీను ఒక్కడే కేకేశాడు. “తిరుపతీ, రాయి తీసుడు మర్వకురా.” నేను తిరిగి చూడలేదు. వాళ్ళ నుంచి నేను విన్న ఆఖరి మాట అదే.

మైసమ్మ దగ్గరికి వచ్చేసరికి పావు తక్కువ నాలుగు. గద్దె మీద ఐదు రాళ్ళూ ఉన్నాయి. ఐదూ చూశాను. నాది అంచున ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. శ్రీను గుర్తు చేశాడు కాబట్టే తీయకూడదనిపించింది. ఇదీ నా తెలివి. దాటుకుని వచ్చేశాను. పసుపు ఉడకబెట్టేవాళ్ళు నన్ను చూసి, మిగతావాళ్ళేరని అడిగారు. జవాబు చెప్పకుండా బండి తీశాను. కోరుట్ల దగ్గర పెట్రోలు పోయించుకున్నాను, అక్కడి కెమెరాలో నేను ఒక్కణ్ణే కనిపిస్తాను. ఇంటికొచ్చి ఫోను ఆపి పడుకున్నాను.

తెల్లారి ఏడింటికి ఫోను తెరవగానే గార్డు. రాత్రంతా ప్రయత్నించాడట. నిన్న ఐదుగురు లోపలికి పోయారు, నాలుగు రాళ్ళు తీసి ఉన్నాయి, ఒకటి అలాగే ఉంది, ఐదో అంకె ఎవరిది అన్నాడు. రాయి మిగిలిందని ఊళ్ళోవాళ్ళు పదిమంది లైట్లు పట్టుకుని తెల్లారేదాకా ఆ ఒక్క మనిషి కోసం తిరిగారట.

నాకు సిగ్గేసింది. అది నాదేనని, నిన్న పొద్దుండగానే వచ్చేశానని, తీయడం మరిచిపోయానని చెప్పాను. మరిచిపోలేదు నిజానికి. అతను నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టి, వెతికేవాళ్ళను వెనక్కి పిలిచాడు. నలుగురు రాళ్ళు తీసి బయటపడ్డారు, ఐదోవాడు ఇంట్లో ఉన్నాడు. లెక్క సరిపోయింది.

అప్పుడు మల్లేశానికి ఒక్క ఫోను చేసి ఉంటే! చేయలేదు. వాడే ముందు చేయాలని భీష్మించుకుని కూర్చున్నాను.

సోమవారం సాయంత్రం మల్లేశం వాళ్ళమ్మ రాజవ్వ ఫోను చేసింది. కోరుట్లలో బీడీలు చుడుతూ ఒక్కగానొక్క కొడుకును పెంచింది ఆమె. రాత్రి సిరిసిల్లలో శ్రీను ఇంట్లో పడుకుంటామని మల్లేశం చెప్పి వెళ్ళాడట, ఇంతవరకూ రాలేదు, ఫోను కలవడం లేదు. శ్రీను భార్యకు ఫోను చేస్తే, వాళ్ళంతా కోరుట్లలోనే ఉన్నారనుకుంటున్నానని చెప్పింది. గార్డుకు చెప్పాను. మోటరు షెడ్డు దగ్గర రెండు బండ్లూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రాళ్ళ లెక్క సరిపోయిందని అప్పటిదాకా వాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పోలీసులు, ఫారెస్టువాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ మనుషులు వారం పైన వెతికారు. డ్రోను తిప్పారు, కుక్కను తెచ్చారు. వంట చేసిన చోట బూడిద, విస్తళ్ళు, కడిగి బండ మీద బోర్లించిన గిన్నె దొరికాయి. దోన దగ్గర అడుగుల జాడ లేదు. ఎలుగుబంటి అన్నారు, రక్తపు చుక్క లేదు. బావులు, లోయలు దిగి చూశారు. మనిషి గానీ, చెప్పు గానీ, ఫోను గానీ ఏదీ దొరకలేదు. కుక్క మాత్రం వంట చేసిన చోటు నుంచి నేరుగా మైసమ్మ దాకా వచ్చి, రాళ్ళ కుప్ప దగ్గర పడుకుంది. ఎంత లాగినా ముందుకు కదల్లేదు.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. నేను దాటినప్పుడు పావు తక్కువ నాలుగు, గద్దె మీద ఐదు రాళ్ళు. భూమవ్వ వాళ్ళు కట్టెలతో వచ్చేసరికి ఆరు దాటింది, గద్దె మీద ఒకటే. నీలం అంకెలున్న మిగతా నాలుగు రాళ్ళు పక్క కుప్ప మీద ఉన్నాయి. విసిరినట్టు లేవట, ఒకదాని పక్కన ఒకటి పెట్టినట్టున్నాయట. అంటే ఆ రెండు గంటల్లో నలుగురూ అక్కడికి వచ్చి, రాళ్ళు తీసి, బయటికి నడిచి ఉండాలి. అక్కడి నుంచి పసుపు చేను మూడు వందల అడుగులు. మధ్యలో ఒక పొద కూడా లేదు. చేనులో ఉన్న పదిమందీ నన్ను చూశారు. నా తర్వాత ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఎవరో సరదాకు తీసి ఉంటారని పోలీసులు అన్నారు. భూమవ్వ ఒప్పుకోలేదు. ఆ చుట్టుపక్కల పసిపిల్లలు కూడా ఇంకొకరి రాయి ముట్టరంది. అలా తీస్తే లోపల ఉన్న మనిషి బతుకు తీసినట్టే అని వాళ్ళకు ఉగ్గుపాలతో చెబుతారట.

అనుమానం ముందు నా మీదికే వచ్చింది, రావడం న్యాయమే. కెమెరాలో కనిపించానని, పసుపు దగ్గరివాళ్ళు చూశారని నన్ను వదిలారు. లచ్చన్న తమ్ముడు ఒకసారి షాపులోకి వచ్చి అందరి ముందు నా కాలరు పట్టుకున్నాడు. నేను ఊరకే నిలబడ్డాను. అతనే విసిగి వదిలేశాడు.

రాజవ్వ ముందుకు వెళ్ళడం అన్నిటికంటే కష్టమైంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. వెతుకులాట ఆపేసిన రోజు నా చేయి పట్టుకుని, “నావోడు బయటికచ్చిండు కొడుకా. రాయి తీసిండు గదా. ఇంటికి రాలె, గంతే” అంది. ఆ మాట మీదే బతుకుతోంది. అది తప్పని చెప్పడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు, నిజమని చెప్పడానికీ లేదు.

ఆ తర్వాత నాలో రెండు మార్పులు వచ్చాయి. రెండూ మా ఆవిడే ముందు కనిపెట్టింది.

ఒకటి, నాకు కోపం పోయింది. కస్టమరు కాగితం చింపినా, మిషను మొరాయించినా, మా పాప రిమోటు పగలగొట్టినా లోపల ఏమీ కదలదు. అందరూ మంచి మార్పే అన్నారు. మా ఆవిడ మాత్రం, నువ్వు పక్కన కూర్చున్నా ఎక్కడో ఉన్నట్టుంటుంది అంది.

రెండోది, పొద్దుగూకే వేళకు ఒక చోట కూర్చోలేకపోవడం. చేతిలో ఏ పని ఉన్నా లేచి, షాపు గడప దాకా పోయి, రోడ్డుకేసి చూసి వస్తాను. ఎవరో నన్ను పిలిచినట్టుంటుంది. దగ్గర నుంచి కాదు. చాలా దూరం నుంచి, ఆడమనిషి గొంతు, నా పేరు. మొదట్లో ‘ఆఁ’ అని పలికేవాణ్ణి. కస్టమర్లు వింతగా చూస్తుంటే మానుకున్నాను.

మందులు వాడాను. మనసులో తప్పు చేశానన్న భావం ఉంటే ఇలా జరుగుతుందని డాక్టరు చెప్పాడు, నేనూ ఒప్పుకున్నాను. అయినా కాగితం మీద పెడితే గానీ నమ్మే రకం కాదు నేను. గోడ క్యాలెండరులో వినపడిన రోజు టిక్కు పెట్టి, పక్కన టైము రాయడం మొదలుపెట్టాను. ఎండాకాలంలో ఆరున్నర దాటాక, కార్తీకం వచ్చేసరికి ఐదున్నరకే. రోజూ ఉంది. ఎనిమిది నెలల్లో వరసగా మూడు రోజులు మాత్రం లేదు. ఆ మూడు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

ఆ ఖాళీలు పడ్డ నెలలోనే ఒక మధ్యాహ్నం ఒక్కణ్ణే రుద్రంగి దాటి వెళ్ళాను. ఎందుకో తెలియదు. కాలు నిలవక వెళ్ళాను. గద్దె మీద నా రాయి అలాగే ఉంది. సుద్ద అంకె వానలకు పోయింది గానీ, తుప్పు రంగు చార ఉంది. భూమవ్వ ఇల్లు వెతుక్కుని వెళ్ళాను. నన్ను చూడగానే గుర్తుపట్టి మంచం వాల్చింది.

మాటల్లో ఆమె మామూలుగా ఒక సంగతి చెప్పింది. ఆ ఆదివారం మరునాటి నుంచి రోజూ పొద్దుగూకేటప్పుడు, ఆఖరున అడవి నుంచి వచ్చేవాళ్ళు గద్దె దగ్గర నిలబడి నన్ను మూడుసార్లు పిలుస్తున్నారట. నా పేరు గార్డు దగ్గర తెలుసుకున్నారట. నేను ఇంట్లోనే ఉన్నానని మీకు తెలుసు కదా అన్నాను.

“నువ్వు బయట ఉన్నవని మాకెరుకే. కని రాయి లోపల ఉన్నవంటాంది. రాయి ఉన్నంక పిలువకుంట ఎట్ల పోతం?”

ఏ రోజూ మానలేదా అని అడిగాను. ఆమె కాస్త ఆలోచించి, మొన్న తమ ఊళ్ళో ఒక పెద్దమనిషి పోతే మూడు రోజులు ఎవరూ అడవికి పోలేదని చెప్పింది. ఏ రోజులో నేను అడగలేదు, ఆమే చెప్పింది. ఇంటికి వచ్చి క్యాలెండరు చూశాను. చూడకముందే తెలుసు.

వెతుకులాట ఆగినప్పటి నుంచి ఆ మధ్యాహ్నం దాకా ఆ ఊళ్ళో ఎవరితోనూ నాకు ఫోనులో కూడా మాటల్లేవు. పిలుస్తున్నారని నాకు ఎవరూ చెప్పలేదు. జగిత్యాల అక్కడికి ఎంత దూరమో ఆ దారి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

నీ రాయి నువ్వు తీసేసి పో కొడుకా, అందరికీ శాంతి అంది భూమవ్వ. సరేనన్నాను. కానీ రాజవ్వకు చెప్పకుండా ఆ గద్దె మీద చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. కోరుట్ల వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె బీడీల చాట పక్కన పెట్టి అంతా విన్నది. తనూ వస్తానంది.

ఆ ఆదివారం సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. భూమవ్వ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కట్టెమోపులు దించి ఎవరి రాళ్ళు వాళ్ళు తీసి కుప్పలో వేశారు. నాది ఒక్కటే మిగిలింది. ఇంకా వెలుతురు ఉంది, మనిషి మొహం స్పష్టంగా కనిపిస్తోంది. తీసేముందు ఆఖరుసారి పిలుస్తానంది భూమవ్వ. పద్ధతి ప్రకారం పిలిచాకే తీయాలట. నేను గద్దె పక్కన రాయి మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

“ఓ తిరుపతీ... పొద్దువోయింది, బయటికి రారా...”

అదే గొంతు. ఎనిమిది నెలలుగా షాపులో నేను వింటున్నది అదే గొంతు, అదే రాగం. ఒకసారి పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచి ఊపిరి తీసుకుంటుండగా అడవి లోపలి నుంచి జవాబు వచ్చింది.

“అస్తున్న తియ్.”

మగ గొంతు. మరీ దగ్గర కాదు, మరీ దూరమూ కాదు. చేస్తున్న పని మధ్యలో లేపితే విసుక్కుంటూ లేచినట్టు, ఆఖరి మాట సాగదీసి. కట్టెలవాళ్ళు నలుగురూ విన్నారు. భూమవ్వ నా మొహంకేసి చూసింది. నా నోరు మూసే ఉంది.

గుట్టలకు తగిలి మాట తిరిగొచ్చిందని చెప్పుకుందామంటే, భూమవ్వ అన్న మాట అది కాదు. ఎవరో పశువుల కాపరి అనుకున్నా, గద్దె మీద ఇంకో రాయి లేదు. పైగా ఆ గొంతు నాకు తెలుసు. మా పాపను నవ్వించడానికి మా ఆవిడ అనుకరించేది ఆ గొంతునే. నేను అలా పలికి ఎనిమిది నెలలైంది.

నేను రాయి ఎత్తబోయాను. భయంతోనే ఎత్తబోయాను, ఒప్పుకుంటాను. రాజవ్వ నా మణికట్టు పట్టుకుంది. బీడీలు చుట్టి చుట్టి గట్టిపడిన వేళ్ళు.

“తీయకు కొడుకా. గది నా మల్లేశం గొంతు గాదు, నాకెరుకే. కని లోపల ఎవడో ఒగడు పలికిండు. నీ రాయి ఉన్నన్ని దినాలు వీళ్ళు పిలుస్తరు. పిలిస్తె నావోడు గిట ఇంటడు. నువ్వు తీసేస్తె గా అడివిల ఇంక మనిషి పేరు ఇనవడది.”

కొడుకు బయటికి వచ్చేశాడని నాతో చెప్పిన మనిషే ఆ మాట అంది. రెండూ ఆమె మనసులో ఒకే చోట ఎలా ఉంటున్నాయో నేను అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. ఊళ్ళోంచి మగవాళ్ళు వచ్చి చీకటి పడేదాకా లోపల వెతికారు. ఎవరూ లేరు.

రాయి తీయలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మా ఆవిడకు ఇది ఇష్టం లేదు. నీ ప్రాణం అక్కడ తాకట్టు పెట్టి కూర్చున్నావని పోట్లాడుతుంది. తను అలా అరిచినప్పుడు తిరిగి అరవాలని నేనూ ప్రయత్నిస్తాను, నిజంగా. కోపం రాదు. పోయినేడు చుట్టాల పెళ్ళికి షోలాపూర్ వెళ్ళినప్పుడు, దూరం కదా, ఆ పిలుపు అక్కడికి రాదనుకున్నాను. భోజనాల వరసలోంచి లేచి గేటు దాకా పోయాను.

శ్రీను భార్య సిరిసిల్లలో బట్టలు కుడుతోంది. లచ్చన్న, నర్సింలు ఇళ్ళవాళ్ళు నాతో మాట్లాడరు. కేసు మూయలేదు, కదలడమూ లేదు. మనుషులు దొరకలేదు అన్నంత వరకే ఎవరైనా చెప్పగలిగేది. మిగతాదాన్ని నేను చాలా రకాలుగా పేర్చి చూశాను. కాగితాల్లో తప్పు పట్టడమే నా బతుకుదెరువు. నాలుగు రాళ్ళ లెక్కలో, మూడు ఖాళీ గళ్ళలో, ఆ జవాబులో తప్పెక్కడుందో నాకు దొరకలేదు.

రోజూ ఏడింటికి రాజవ్వ ఫోను చేస్తుంది. ఇవాళ పిలిచారో లేదో తెలుసుకోవడానికి ఆమెకు నేనే దిక్కు. “ఇయ్యాల పిలిచిండ్రా కొడుకా?” అంటుంది. పిలిచిండ్రవ్వా, అంటాను. అది నిజమే, ఎప్పుడూ అబద్ధం చెప్పే అవసరం రాలేదు.

ఆ తర్వాత ఇంకోటి కూడా అడుగుతుంది.

“పలికినవా మరి?”

వాళ్ళు పిలిచే వేళకు నేను షాపు గడప మీద, నోరు మూసుకుని, రోడ్డుకేసి చూస్తూ ఉంటాను. అక్కడ గద్దె దగ్గర వాళ్ళకు జవాబుగా ఏం వినపడుతోందో భూమవ్వను నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడతాను. ఆమె కూడా పెట్టేయకుండా అలాగే వింటూ ఉంటుంది.